పాటను వెలుగుతో సర్దే పెట్టె

మైకు ముందు పాడే గొంతు ఒకే మట్టంలో ఉండదు. పల్లవి లోగొంతుతో మొదలవుతుంది, చరణంలో తారస్థాయికి వెళ్తుంది. మధ్యలో పాడేవారు మైకుకు రెండంగుళాలు దగ్గరికి జరిగితే చాలు, మీటరు ముల్లు ఎర్రగీత దాటుతుంది. ఎదురుగా కూర్చుని వినేవారికి ఈ హెచ్చుతగ్గులే పాటకు ప్రాణం. రికార్డు చేసేవారికి మాత్రం అవే తలనొప్పి. మరీ మెల్లగా పాడిన మాట టేపు బుసలోనో, గది రొదలోనో కలిసిపోతుంది. మరీ గట్టిగా పాడింది యంత్రం మోయలేక చీలిపోతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న జాగాలోనే పాటంతా ఇమడాలి.

పూర్వం ఈ పని ఇంజనీరు చేత్తో చేసేవాడు. గొంతు లేస్తే నాబ్ తగ్గించడం, దిగితే పెంచడం. పాట ముందే తెలిస్తే పర్వాలేదు, రేడియోలో ప్రత్యక్ష ప్రసారమైతే చెయ్యి ఎప్పుడూ ఒక క్షణం వెనకే ఉంటుంది. ఆ చేతి పనిని సర్క్యూటుకు అప్పగిస్తే దాన్నే కంప్రెసర్ అంటాం. శబ్దం ఒక హద్దు దాటగానే దాన్ని తగ్గిస్తుంది, మళ్లీ హద్దులోకి రాగానే వదిలేస్తుంది.

దీని గురించి మాట్లాడుకోవడానికి నాలుగు మాటలు చాలు. తగ్గించడం ఏ మట్టం దగ్గర మొదలవుతుందో అది థ్రెషోల్డ్. ఎంత నిష్పత్తిలో తగ్గిస్తుందో అది రేషియో. రేషియో 4కి 1 అయితే, హద్దు మీద 8 డెసిబెల్స్ లేచిన గొంతు బయటికి 2 డెసిబెల్స్ మాత్రమే లేచినట్టు వస్తుంది. ఎంత త్వరగా పట్టుకుంటుందో అది ఎటాక్, ఎంత సేపటికి వదులుతుందో అది రిలీజ్. డెసిబెల్ లెక్క కొత్తవారు రెండు అంకెలు గుర్తుంచుకుంటే ఈ వ్యాసానికి సరిపోతుంది: 6 డెసిబెల్స్ తగ్గితే వోల్టేజీ సగమైనట్టు, 20 తగ్గితే పదో వంతైనట్టు.

నాలుగింటిలో చెవికి తెలిసేది ఎక్కువగా రిలీజే. హఠాత్తుగా వదిలేస్తే పాట వెనకున్న గాలి, ఊపిరి, తంబుర శ్రుతి ఒక్కసారి ఉబికి వస్తాయి. మరీ ఆలస్యంగా వదిలితే గట్టిగా పాడిన మాట తర్వాతి రెండు మాటలు మునిగిపోతాయి. మంచి కంప్రెసర్‌కూ మామూలు కంప్రెసర్‌కూ తేడా చాలావరకు ఇక్కడే. ఇంట్లో వాల్వులతో కంప్రెసర్ కట్టుకోవాలనుకునేవారు అరవై ఏళ్ల నాటి ఒక అమెరికన్ డిజైన్ దగ్గరే ఇప్పటికీ ఆగడానికి కారణం కూడా ఈ రిలీజే.

ఆ డిజైన్ పేరు ఎల్‌ఏ-2ఏ. కాలిఫోర్నియాలోని పాసడీనాలో టెలిట్రానిక్స్ అనే చిన్న కంపెనీ నడిపిన జిమ్ లారెన్స్ దాన్ని 1960ల మొదట్లో తయారుచేశాడు. రేడియో ప్రసారాల్లో మట్టం సర్దడమే దాని మొదటి పని. 1965లో టెలిట్రానిక్స్ బాబ్‌కాక్ ఎలక్ట్రానిక్స్ చేతికి వెళ్లింది. బిల్ పుట్నమ్ స్థాపించిన స్టూడియో ఎలక్ట్రానిక్స్ దాన్ని 1967లో కొనుక్కుంది. రేడియో కోసం పుట్టిన పెట్టె అలా పాటల స్టూడియోల్లో స్థిరపడింది. దాని ముందు పలక మీద మీటరు కాక పెద్ద నాబ్‌లు రెండే. ఒకటి గెయిన్, రెండోది పీక్ రిడక్షన్. ఎటాక్, రిలీజ్ మార్చడానికి నాబ్ అసలు లేదు. వాటిని లోపలి వస్తువులే నిర్ణయిస్తాయి.

అదే కాలంలో మరో దారి కూడా ఉంది. కొన్ని వాల్వుల్లో గ్రిడ్డు మీది డీసీ వోల్టేజీ మారిస్తే గెయిన్ మారుతుంది. ఆ గుణాన్ని వాడుకుని రైన్ నార్మా రూపొందించిన ఫెయిర్‌చైల్డ్ 670 చాలా గొప్ప యంత్రం. అందులో 20 వాల్వులు, మొత్తం బరువు 30 కిలోల దాకా. దానికి కావలసిన 6386 వాల్వులను జతలు చూసి ఏరుకోవాలి, ట్రాన్స్‌ఫార్మర్లు ప్రత్యేకంగా చుట్టించాలి. మొదటిసారి కట్టేవారికి అది తగదని నా గట్టి అభిప్రాయం. ఎల్‌ఏ-2ఏలో వాల్వులు నాలుగే: రెండు 12ఏఎక్స్7, ఒక 12బీహెచ్7, ఒక 6ఏక్యూ5. తగ్గించే పని వాల్వు చేయదు, వెలుగు చేస్తుంది.

వెలుగు అంటే నిజంగా వెలుగే. లోపల టీ4 అని పిలిచే చిన్న డబ్బా ఉంటుంది. కాంతి చొరబడకుండా మూసేసిన ఆ డబ్బాలో ఎలక్ట్రోల్యూమినిసెంట్ పలక ఒకటి, దానికెదురుగా కాడ్మియం సల్ఫైడ్‌తో చేసిన ఎల్‌డీఆర్‌లు రెండు. చీకట్లో ఎల్‌డీఆర్ నిరోధం మెగా ఓంలలో ఉంటుంది. వెలుగు పడితే కొన్ని వేల ఓంలకు, ఇంకా పడితే వందలకు దిగుతుంది. పాట పెరిగితే పలక వెలుగుతుంది, పలక వెలిగితే ఎల్‌డీఆర్ నిరోధం పడిపోతుంది, అది పాటలో కొంత భాగాన్ని ఎర్త్‌లోకి దించేస్తుంది. అంతే సంగతి.

లెక్క చూస్తే ఇది ఇంకా సులువు. ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చిన పాట 68 కిలో ఓంల రెసిస్టర్ గుండా వెళ్తుంది. దాని చివర నుంచి ఎర్త్‌కు ఎల్‌డీఆర్ ఉంటుంది. పక్కన వేరే లోడు లేదనుకుందాం. ఎల్‌డీఆర్ మెగా ఓంలలో ఉన్నంతసేపూ పాట దాదాపు మొత్తం ముందుకు పోతుంది. నిరోధం 68 కిలో ఓంలకు దిగితే సగం, అంటే 6 డెసిబెల్స్ తగ్గినట్టు. ఏడున్నర కిలో ఓంలకు దిగితే పదో వంతు, అంటే 20 డెసిబెల్స్. పాట దారిలో ఈ కంప్రెషన్ అనే పనికి ఉన్నవి ఈ రెండే, ఒక రెసిస్టర్, ఒక ఎల్‌డీఆర్. వాల్వులన్నీ దీని తర్వాతి మాట. మొదటి 12ఏఎక్స్7 తగ్గిన పాటను మళ్లీ పెంచుతుంది, 12బీహెచ్7 దాన్ని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు అందిస్తుంది. మిగిలిన రెండు వాల్వులు పక్కదారిలో ఉంటాయి. రెండో 12ఏఎక్స్7, 6ఏక్యూ5 కలిసి పాటను వంద వోల్టుల పైచిలుకుకు పెంచి పలకను వెలిగిస్తాయి.

ఈ పలక గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. అది మామూలు బల్బు కాదు, ఎల్‌ఈడీ కూడా కాదు. రెండు వాహక పొరల నడుమ జింక్ సల్ఫైడ్ పూత, ముందున్న పొర పారదర్శకం. ఏసీ వోల్టేజీ ఇస్తే నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో వెలుగుతుంది. ఎల్‌ఈడీకి కరెంటు ఒక్క దిక్కులోనే వెళ్లాలి గనక పాటను ముందు డయోడ్లతో డీసీగా మార్చి, కెపాసిటర్‌లో నిలిపి, అప్పుడివ్వాలి. ఆ డయోడ్లు, కెపాసిటర్ తమ సొంత ఎటాక్, రిలీజ్‌లను తెచ్చిపెడతాయి. ఎలక్ట్రోల్యూమినిసెంట్ పలకకు ఆ బెడద లేదు. పాట స్వయంగా ఏసీయే గనక నేరుగా ఇచ్చేయవచ్చు. అందుకే చవకగా దొరికే ఎల్‌ఈడీ, ఎల్‌డీఆర్ జతతో కట్టిన పెట్టెలు బాగానే పనిచేస్తాయి గానీ, ఆ పాత పెట్టె పోలిక రాదు.

అసలు పోలిక ఎల్‌డీఆర్ స్వభావంలో ఉంది. మండుటెండలోంచి సినిమా హాల్లోకి అడుగుపెడితే కళ్లకు చీకటి అలవాటు పడటానికి సమయం పడుతుంది. ఎంతసేపు ఎండలో ఉంటే అంత ఎక్కువ సేపు. కాడ్మియం సల్ఫైడ్ కూడా అంతే. వెలుగు పడగానే చటుక్కున స్పందిస్తుంది, ఈ పెట్టెలో ఎటాక్ సుమారు 10 మిల్లీ సెకన్లు. వెలుగు పోయాక మాత్రం సగం దూరం 60 మిల్లీ సెకన్లలో వచ్చేసి, మిగతా సగానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. అంతకుముందు ఎంత గట్టిగా, ఎంతసేపు వెలుగు పడిందో దాన్నిబట్టి ఆ సెకన్లు పెరుగుతాయి. ఒక్క హల్లు దగ్గర గొంతు ఎగిరితే ఠక్కున పట్టి ఠక్కున వదులుతుంది. చరణమంతా గట్టిగా సాగితే నెమ్మదిగా పట్టు సడలిస్తుంది. చేయి తిరిగిన ఇంజనీరు నాబ్ మీద చెయ్యి పెట్టి చేసేది సరిగ్గా ఇదే. ఏ సర్క్యూటు గీసి ఈ గుణాన్ని పెట్టలేదు, అది పదార్థంలోనే ఉంది.

కట్టడానికి కావలసినవి మన దగ్గర దొరుకుతాయా? చాలావరకు దొరుకుతాయి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో రెసిస్టర్లు, హై వోల్టేజీ కెపాసిటర్లు, అల్యూమినియం ఛాసిస్, ప్రీసెట్‌లు, ఎల్‌డీఆర్‌లు దొరుకుతాయి. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు తయారుచేసింది, పాత రేడియో రిపేరు దుకాణాల్లో బెల్ ముద్ర ఉన్నవి ఇప్పటికీ కనిపించవచ్చు. 12ఏఎక్స్7కే యూరప్ పేరు ఈసీసీ83, 6ఏక్యూ5కి ఈఎల్90. ఆ పేర్లతో కూడా అడిగి చూడండి. దొరకడం కష్టమైనవి టీ4 డబ్బా, మంచి ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు. ఈ మూడింటి మీద డబ్బు ఆదా చేయాలని చూడకండి. టీ4 సొంతంగా చేసుకోవచ్చు. కానీ ఎల్‌డీఆర్‌లను కొలిచి జతలు ఏరుకునే ఓపిక ఉంటేనే ఆ పని పెట్టుకోండి.

మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో ఒక హెచ్చరిక. అమెరికన్ సర్క్యూటు పటంలో ఉన్నది 115 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడి ట్రాన్స్‌ఫార్మర్‌ను స్టెప్‌డౌన్ పెట్టి వాడితే, 60 హెర్ట్జ్‌కు మాత్రమే చేసినదైతే 50 దగ్గర దాని కోరు నిండిపోయి వేడెక్కుతుంది. వైండింగ్ చేసేవారి దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని చెప్పి చుట్టించుకోవడం మేలు. హీటర్ల లెక్క ముందే వేసుకోండి. 6.3 వోల్టుల దగ్గర రెండు 12ఏఎక్స్7లకు 0.3 చొప్పున, 12బీహెచ్7కు 0.6, 6ఏక్యూ5కు 0.45, మొత్తం 1.65 ఆంపియర్లు. రెండున్నర ఆంపియర్ల వైండింగ్ అడిగితే ట్రాన్స్‌ఫార్మర్ చల్లగా ఉంటుంది.

ఇక ప్రాణం మాట. ఈ పెట్టెలో హెచ్‌టీ, అంటే వాల్వుల ప్లేట్లకు అందే హై వోల్టేజీ సప్లై, 250 నుంచి 300 వోల్టుల డీసీ. ప్లగ్ పీకేసినా అది కెపాసిటర్లలో నిలిచే ఉంటుంది. అందుకే హెచ్‌టీకీ ఎర్త్‌కీ మధ్య 220 కిలో ఓంల, 2 వాట్ల రెసిస్టర్ ఒకటి శాశ్వతంగా పెట్టాలి. మొత్తం కెపాసిటర్లు 100 మైక్రోఫారడ్‌లైతే, ఈ రెసిస్టర్ వల్ల ప్రతి 22 సెకన్లకూ వోల్టేజీ మూడో వంతు కన్నా కాస్త ఎక్కువే మిగిలేలా పడిపోతూ, రెండు నిమిషాలకు ఒకటి రెండు వోల్టులకు దిగుతుంది. అయినా నమ్మకండి. ప్రతిసారీ మల్టీమీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి. రెసిస్టర్ ఊడిపోయి ఉండవచ్చు. పలకకు వెళ్లే తీగల్లో కూడా వంద వోల్టుల పైన ఉంటుంది, టీ4 ప్లగ్‌ను కరెంటు ఉండగా తాకకూడదు. ఛాసిస్‌కు మూడు పిన్నుల ప్లగ్ ద్వారా సరైన ఎర్త్ ఉండాలి, మెయిన్స్ తీగ మీద ఫ్యూజు ఉండాలి. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మన ఎలక్ట్రీషియన్లు వాడే సీరీస్ బోర్డే మంచి కాపలా. 60 వాట్ల ఫిలమెంట్ బల్బును మెయిన్స్‌తో సీరీస్‌లో పెట్టి, ముందు వాల్వులు లేకుండా ఇవ్వండి. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే మంచిది. పూర్తి వెలుగుతో నిలిచిపోతే ఎక్కడో షార్టు ఉంది, వెంటనే ఆపేయాలి. తర్వాత హీటర్ వోల్టేజీ చూసి, వాల్వులు పెట్టి, బల్బు తీసేసి నేరుగా ఇవ్వాలి. హీటర్ వోల్టేజీ 6.3కు అటూ ఇటూ పది శాతం లోపు ఉండాలి.

పాట పెట్టే ముందు ప్రతి వాల్వు ఆరోగ్యం చూడాలి. దీనికి ఓం సూత్రం తప్ప మరేమీ అక్కర్లేదు. ఉదాహరణకు 12ఏఎక్స్7లో ఒక సగానికి కాథోడ్ రెసిస్టర్ 1.5 కిలో ఓంలు, ప్లేటు రెసిస్టర్ 100 కిలో ఓంలు, దానికి అందే హెచ్‌టీ 250 వోల్టులు అనుకోండి. కాథోడ్ దగ్గర 1.2 వోల్టులు కనిపిస్తే ప్రవహిస్తున్న కరెంటు 0.8 మిల్లీ ఆంపియర్. అదే కరెంటు ప్లేటు రెసిస్టర్‌లో 80 వోల్టులు పడేస్తుంది, కనుక ప్లేటు దగ్గర 170 కనిపించాలి. కనిపిస్తే ఆ సగం బాగుంది. 250కి దగ్గరగా కనిపిస్తే వాల్వు కరెంటు లాగడం లేదు, సాకెట్టో, టంకమో చూడాలి. కాథోడ్ వోల్టేజీ పెరిగి ప్లేటు బాగా కిందికి దిగితే ముందు దశ నుంచి వచ్చే కెపాసిటర్ డీసీని కారుస్తుందేమో చూడాలి. పాత కెపాసిటర్లలో ఇది తరచూ కనిపించే జబ్బు.

గుయ్‌మనే హమ్ ఉంటే దాని స్వరం వినండి. 50 హెర్ట్జ్ అయితే హీటర్ తీగల నుంచో, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు సోకడం వల్లో వస్తోంది. తీగలు మెలిపెట్టడం, ట్రాన్స్‌ఫార్మర్‌ను దూరం జరిపి అడ్డంగా తిప్పిచూడటం దానికి మందు. 100 హెర్ట్జ్ అయితే అది రెక్టిఫైయర్ తర్వాతి ఫిల్టర్ లోపం. ఈ రెండు స్వరాల తేడా చెవికి పట్టుబడితే గంటల పని మిగులుతుంది.

ఇంతవరకూ అయింది కట్టడం. పెట్టె పాడుతోంది, ముల్లు కదులుతోంది, చాలామంది ఇక్కడే మూత బిగించేస్తారు. నా దృష్టిలో పని సగమే అయింది. మీటరు మీద మైనస్ 6 అని ముల్లు చూపినంత మాత్రాన పాట 6 డెసిబెల్స్ తగ్గిందని కాదు. ముందు చెప్పిన రెండు ఎల్‌డీఆర్‌లలో ఒకటే పాట దారిలో ఉంటుంది. రెండోది మీటరును నడుపుతుంది. మీటరు చెప్పేది రెండోదాని కథ. ఇద్దరి కథా ఒకటేనని రుజువు చేయడమే క్యాలిబ్రేషన్.

ముందు మీ కొలత పరికరాన్నే కొలవాలి. చవక మల్టీమీటర్లలో ఏసీ రేంజి మెయిన్స్ ఫ్రీక్వెన్సీకి సరిపడా చేసింది. 1000 హెర్ట్జ్ దగ్గర తప్పు చూపించవచ్చు. కంప్యూటర్ సౌండ్ కార్డు నుంచి ఒకే మట్టంలో 100, 400, 1000 హెర్ట్జ్‌ల టోన్లు ఇచ్చి మీటరు ఒకే అంకె చూపుతుందో లేదో చూడండి. 1000 దగ్గర పడిపోతుంటే 400 హెర్ట్జ్‌తోనే మొత్తం పని చేసుకోవచ్చు. అవుట్‌పుట్‌కు 600 ఓంల రెసిస్టర్ లోడుగా పెట్టండి. పాత ట్రాన్స్‌ఫార్మర్లు ఆ లోడు కోసమే చేసినవి, లోడు లేకపోతే కొలతలు మారతాయి.

పెట్టెను కనీసం ఇరవై నిమిషాలు వేడెక్కనివ్వాలి. అంతకుముందు టీ4 డబ్బా గంటల తరబడి చీకట్లో ఉండి ఉండాలి. వెలుతురులో తెరిచి చూసిన డబ్బాను వెంటనే కొలిస్తే వచ్చే అంకెలకు విలువ లేదు, ఎల్‌డీఆర్ ఇంకా ఆ వెలుగును మరచిపోలేదు. పీక్ రిడక్షన్ పూర్తిగా తగ్గించి, టోన్ ఇచ్చి, అవుట్‌పుట్ 1.228 వోల్టులు వచ్చేదాకా గెయిన్ తిప్పండి. ప్లస్ 4 డీబీయూ అని స్టూడియోల్లో పిలిచే మట్టం ఇదే. మీటరును అవుట్‌పుట్ స్థానంలో పెడితే ముల్లు సరిగ్గా సున్నా మీద నిలవాలి. 1939లో బెల్ ల్యాబ్స్, సీబీఎస్, ఎన్‌బీసీ కలిసి స్థిరపరచిన వీయూ మీటరు అసలుదైతే, 3.6 కిలో ఓంల సీరీస్ రెసిస్టర్‌తో ఈ వోల్టేజీకే సున్నా చూపుతుంది. చవక మీటరైతే ఆ రెసిస్టర్ బదులు ప్రీసెట్ పెట్టి సర్దుకోవాలి.

ఇప్పుడు మీటరును గెయిన్ రిడక్షన్ స్థానానికి మార్చండి. టోన్ ఆపేసి, జీరో ప్రీసెట్‌తో ముల్లును సున్నా మీదికి తేవాలి. మళ్లీ అదే టోన్ ఇచ్చి, ఇన్‌పుట్‌ను గానీ గెయిన్‌ను గానీ ముట్టుకోకుండా పీక్ రిడక్షన్ ఒక్కటే నెమ్మదిగా పెంచుతూ అవుట్‌పుట్ వోల్టేజీ చూడండి. 0.869 దగ్గర 3 డెసిబెల్స్ తగ్గినట్టు. 0.614 దగ్గర 6. 0.388 దగ్గర 10. 0.123 దగ్గర 20. ప్రతి అంకె దగ్గరా కొన్ని సెకన్లు ఆగి ముల్లు ఏం చెబుతుందో రాసుకోండి. మీటరు ఎల్‌డీఆర్‌తో సీరీస్‌లో ఉన్న ప్రీసెట్ తిప్పి 6 దగ్గర ముల్లును సరిగ్గా నిలపాలి. అది తిప్పితే సున్నా కొంచెం జరుగుతుంది, దాన్ని సర్దితే 6 జరుగుతుంది. రెండూ కుదిరేదాకా ఇటూ అటూ తిరగాల్సిందే. పాటకు వాడేది ఎక్కువగా 3 నుంచి 10 డెసిబెల్స్ మధ్యే గనక ఆ మేరకు అర డెసిబెల్ లోపు కుదిరితే సంతోషించండి. 20 దగ్గర రెండు మూడు డెసిబెల్స్ తేడా ఉన్నా నష్టం లేదు. 6 దగ్గర కుదిరి 10 దగ్గర బాగా తప్పుతుంటే మాత్రం ఆ ఎల్‌డీఆర్‌ల జత కుదరలేదని అర్థం. ప్రీసెట్‌తో అది బాగుపడదు, డబ్బా మార్చాలి.

మన ఊళ్లలో కరెంటు వోల్టేజీ సాయంత్రానికి ఒకలా, అర్ధరాత్రికి ఒకలా ఉంటుంది. మీటరుకు డీసీని నేరుగా హెచ్‌టీ నుంచి తీసుకున్న సర్క్యూటులో ఈ హెచ్చుతగ్గులకు సున్నా జరిగిపోతుంది. పెట్టె పాడైందని కంగారు పడక్కర్లేదు. మీటరు సప్లైకి ఒక జీనర్ రెగ్యులేటర్ చేర్చుకుంటే ఆ బాధ తీరుతుంది. అసలు డిజైన్‌లో లేనిదే అయినా ఈ మార్పు మనకు అవసరం, పాటకు దానివల్ల ఏ నష్టమూ లేదు.

ఆ తర్వాత కాలం కొలవాలి. కంప్యూటర్‌లో ఒక టోన్ తయారుచేసుకోండి: కొంతసేపు మెల్లగా, ఒక సెకను 20 డెసిబెల్స్ గట్టిగా, మళ్లీ మెల్లగా. దాన్ని పెట్టె గుండా పంపి, వచ్చినదాన్ని ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి తరంగాన్ని పెద్దది చేసి చూడండి. గట్టి టోన్ మొదలైన చోట చిన్న మూపురంలా లేచి వెంటనే అణిగిపోతుంది. ఆ మూపురం వెడల్పే ఎటాక్. మెల్లని టోన్ మళ్లీ మొదలైన చోట గబగబా కొంత లేచి, తర్వాత నిదానంగా పాకుతూ పాత మట్టానికి చేరుతుంది. రెండు వాలులున్న ఆ గీత కనిపిస్తే మీ టీ4 ఆరోగ్యంగా ఉంది. గట్టి టోన్‌ను ఒక సెకను బదులు పది సెకన్లు ఉంచి మళ్లీ చూడండి, పాకే భాగం ఇంకా సాగుతుంది. ఇందాక పదార్థ స్వభావమని చెప్పుకున్నది కంటికి కనిపించేది ఇక్కడే.

వెనకవైపు ఇంకో ప్రీసెట్ ఉంటుంది. అది తిప్పితే పలకను వెలిగించే దారిలో పెద్ద ఫ్రీక్వెన్సీలకు ప్రాధాన్యం పెరుగుతుంది. ఎఫ్ఎం ప్రసారాల్లో పై ఫ్రీక్వెన్సీలను పెంచి పంపుతారు గనక వాటిని ముందే అదుపు చేయడానికి పెట్టింది. పాటలకు దాన్ని ఫ్లాట్ స్థానంలో వదిలేయండి. స్టీరియో కోసం రెండు పెట్టెలు కడితే ఒకే టోన్‌కు రెండూ ఒకే డెసిబెల్స్ తగ్గించేలా ఎల్‌డీఆర్‌లను ఏరాలి, లేకపోతే గట్టి చోట పాట ఒక పక్కకు వాలిపోతుంది.

కొందరు పాత టీ4 డబ్బాలే కావాలని పట్టుబడతారు. పలక పూత వాడకంతో వెలుగు తగ్గుతుంది, అది దాని సహజ గుణం. దశాబ్దాలు వెలిగిన పలకకు మొదటి రోజుల చురుకు ఉండదు. జాగ్రత్తగా జతలు ఏరి చేసిన కొత్త డబ్బాయే మేలని నా తీర్పు. కాడ్మియం విషపదార్థం గనక యూరప్‌లో దాని వాడకం మీద కట్టడి ఉంది, వృత్తిపరమైన ఆడియో పరికరాల ఎల్‌డీఆర్‌లకు ఇచ్చిన మినహాయింపు 2013 చివరితో ముగిసింది. ఎల్‌డీఆర్‌ను పగలగొట్టడం, గీకడం చేయకండి. పాడైనవాటిని చెత్తబుట్టలో కాక ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి.

పని పూర్తయ్యాక ప్రతి వాల్వు ప్లేటు, కాథోడ్ వోల్టేజీలు, హెచ్‌టీ, ఆ సమయంలో మెయిన్స్ ఎంత ఉంది, 3, 6, 10, 20 డెసిబెల్స్ దగ్గర ముల్లు చూపిన అంకెలు, తేదీ ఒక కాగితం మీద రాసి మూత లోపలివైపు అంటించండి. వాల్వు మార్చినప్పుడల్లా, ఏడాదికొకసారీ మళ్లీ కొలిచి ఆ కాగితంతో పోల్చండి. 6 దగ్గర ముల్లు ఒక డెసిబెల్ మించి జరిగితే ముందు వాల్వులు, తర్వాత టీ4 చూసుకోండి.